వదిలేయడానికి అనుమతి

నాగరికత అంటే మరేమీ కాదు, కేకేస్తే వినపడేంత దూరంలో ఉన్న మనిషికి కేకేయకుండా ఉండడం. ఈ లెక్కన భూమ్మీద మా ఆఫీసును మించిన నాగరికమైన చోటు ఇంకొకటి లేదు. మా కంపెనీ న్యాయ విభాగం రెండో అంతస్తులో ఉంది. మా తరఫున కోర్టుకెళ్ళే బయటి లాయర్ల ఆఫీసు వీధికి అవతల, సరిగ్గా మా ఎదుటి మేడలో, అదే ఎత్తులో ఉంది. మా కిటికీలోంచి చూస్తే వాళ్ళు టీలో పంచదార వేసుకున్నారో లేదో కూడా తెలుస్తుంది. (వేసుకోరు. అక్కడ సగం మందికి షుగరు.) అంత దగ్గరి మనుషులకు ఒక పని చెప్పడానికి మేము వాడే సాఫ్ట్‌వేర్ పేరు ఆదేశవాహిని.

ఇది రాకముందు మేము అనాగరికులం. మా మేనేజరుగారు కిటికీ రెక్క తీసి, "ఏవండోయ్, ఆ గోడౌను కేసు కాస్త చూడండి" అనేవారు. అటునుంచి "అలాగేనండీ" అని వినపడేది. పని అయిపోయేది. ఇందులో ఎంత ఘోరం దాగి ఉందో సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చినవాళ్ళు చెప్పేదాకా మాకు తెలియలేదు. "కాస్త" అంటే ఎంత? "చూడండి" అంటే చూసి ఊరుకోవాలా, ఏమైనా చేయాలా? "అలాగే" అంటే ఎలాగ? వీటిలో దేనికైనా రికార్డు ఉందా? లేదు. ఇన్నేళ్ళూ మా పనులన్నీ ఊరికే జరిగిపోయాయి తప్ప, జరిగినట్టు ఆధారమంటూ లేదు. ఆ మాట విని మా మేనేజరుగారు కుర్చీలో కూలబడ్డారు.

ఆయన్ని ఆఫీసులో చూద్దాంగారు అంటారు. ఏమడిగినా ఆయన నోట వచ్చే మొదటి మాట "చూద్దాం". చాలాసార్లు చివరి మాట కూడా అదే. మన భాషలో చూద్దాం అంటే కుదరదని అర్థమని తెలియక, కొత్తగా చేరినవాళ్ళు కొన్నాళ్ళపాటు ఆశతో బతుకుతారు. మనిషి చెడ్డవారు కాదు, తన పేరు ఎక్కడైనా కనపడితే భయం, అంతే. ఆదేశవాహిని వచ్చాక ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఏ పనీ ఆయన చెప్పినట్టు ఉండదు, యంత్రం చెప్పినట్టు ఉంటుంది. చెప్పవలసిన మాటను ఆ యంత్రంలోకి ఎక్కించే ఉద్యోగం నాకు తగిలించారు. నా హోదా ఆదేశ ప్రవేశకురాలు. ("మా అమ్మాయి లాయర్లకే ఆదేశాలిస్తుంది" అని మా అమ్మ ఇరుగుపొరుగులకు చెప్పుకుంటుంది. నేను దిద్దలేదు.)

మాలో మేము ఆదేశవాహినిని పెద్దత్తగారు అనుకుంటాం. ఆవిడ పద్ధతి ఇలా ఉంటుంది. చెప్పదలచుకున్నది మన మాటల్లో చెప్పకూడదు. అనుమతి పొందిన క్రియాపదాల పట్టిక ఒకటుంది, అందులోంచి ఒక క్రియను ఏరుకోవాలి. దాఖలు చేయండి, ఖండించండి, గట్టిగా ఖండించండి, వాయిదా కోరండి, మళ్ళీ వాయిదా కోరండి, బెదిరించండి (మర్యాదగా), ఇలా సాగుతుంది. క్రియను ఎంచుకోగానే "ఎందుకు?" అంటుంది. కారణం చెబితే "ఇంతకన్నా మంచి కారణం లేదా?" అంటుంది. ఎదుటి పక్షం ఎలాంటిదో కూడా చెప్పాలి, అందుకు "ప్రమాదకరం", "చాలా ప్రమాదకరం", "ఇతరములు" అని గడులున్నాయి. అన్నీ కుదిరితే ఆదేశం ఆకుపచ్చగా మారి ఎదుటి మేడకు వెళ్తుంది. ఎక్కడైనా తేడా వస్తే ఎర్రబడి, ఆ తేడా ఏమిటో చెప్పకుండా, "మీ తప్పును మీరే గ్రహించండి" అంటుంది. పెద్దత్తగారన్న పేరు ఊరికే రాలేదు.

ఇక అసలు సంగతికొస్తాను. మా మేడ మెట్ల కింద, నిలబడితే తల తగిలేంత జాగా ఒకటి ఉంది. అందులో కాలితో తొక్కే కుట్టుమిషను, గోడకు మేకులు, మేకులకు బ్యాగులు, బ్యాగుల మధ్య జిప్పుల పిన్ని. ఊడిన జిప్పు, పట్టేసిన జిప్పు, పళ్ళూడిన జిప్పు, ఏదైనా సరే ఆవిడ చేతిలో పడితే దారికి రావలసిందే. మేము లిఫ్టు ఎక్కాలంటే ఆవిడ ముందునుంచే వెళ్ళాలి, వెళ్ళినప్పుడల్లా ఒక మాట పడాలి. "ఏమ్మా లాయరమ్మా, బ్యాగు పగిలేటట్టు కూరేసి జిప్పుది తప్పంటే ఎలా?" అని మొదటిరోజే నన్ను కడిగేసింది. నేను లాయర్ని కాను పిన్నీ అంటే, "మరి అంత బరువు ఎందుకు మోస్తున్నావ్?" అంది.

మా కంపెనీలో ఆస్తుల విభాగం అని మరొకటుంది. వాళ్ళ దగ్గరున్న పటంలో మెట్ల కింద "ఖాళీ" అని రాసి ఉంది. వచ్చి చూస్తే పిన్ని ఉంది. పటంలో తప్పుండే వీల్లేదు కనక తప్పు పిన్నిదేనని తేల్చి, ఖాళీ చేయించమని కేసు వేయించారు. అక్కడ కూర్చోమన్నది కంపెనీ మేనేజరేనని, అప్పట్లో ఆయన బ్యాగు కూడా తానే కుట్టానని పిన్ని కోర్టులో మొత్తుకుంది. ఆ మేనేజరు ఎప్పుడో రిటైరైపోయాడు, నోటిమాటకు రుజువు లేదు. ఉత్తర్వు మాకు అనుకూలంగా వచ్చింది. ఇక మేము ఊఁ అంటే చాలు, ఎదుటి మేడ లాయర్లు అమీనాను వెంటబెట్టుకొచ్చి ఖాళీ చేయిస్తారు. (అమీనా అంటే కోర్టు ఉత్తర్వు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడే ఉద్యోగి. ఆయన నిలబడ్డాక లోపలివాళ్ళు ఎక్కువసేపు కూర్చోలేరు.) ఊఁహూఁ అంటే ఆగిపోతుంది. ఏమీ అనకుండా నెలాఖరు దాటిందా, మౌనం అంగీకారం కనక అదీ ఊఁ కిందికే వస్తుంది.

ఇలా ఉండగా పెద్దాయన సూట్‌కేసు జిప్పు పట్టేసింది. పెద్దాయన అంటే కంపెనీ యజమాని. విమానానికి టైమవుతోంది, లిఫ్టు ముందు సూట్‌కేసు నోరు తెరుచుకుని ఉంది, చొక్కాలు బయటికొస్తున్నాయి. డ్రైవరు లాగాడు. మా మేనేజరుగారు "చూద్దాం, చూద్దాం" అంటూ లాగారు. ఉన్న కాస్త జిప్పూ ఊడింది.

"తప్పుకోండయ్యా! ఎద్దును లాగినట్టు లాగుతారేంటి" అంటూ పిన్ని వచ్చి, రన్నరు తీసి నొక్కి, కొవ్వొత్తి ముక్క రుద్ది, చిటికెలో మూసిచ్చింది. పెద్దాయన ముచ్చటపడ్డారు.

"ఎవరమ్మా నువ్వు?"

"మీరు కేసు వేసిందాన్నండి."

పెద్దాయన మేనేజరుగారి వంక చూశారు. మేనేజరుగారు నా వంక చూశారు. నేను వెనక్కి తిరిగి చూస్తే గోడ తప్ప ఇంకెవరూ లేరు.

"ఆ మెట్ల కింద ఆవిడ కూర్చుంటే మన సొమ్మేం పోయిందయ్యా? వదిలేయండి. కేసూ గీసూ ఏం వద్దు, వదిలేయండి" అని పెద్దాయన కారెక్కి వెళ్ళిపోయారు.

ఇంతకన్నా తేటగా ఎవరూ ఏదీ చెప్పలేరు. పిన్ని ఆనందానికి పట్టపగ్గాల్లేవు. వీధి చివర బేకరీ ఆయన తన షాపులో ఓ మూల ఇస్తానని, నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పమని ఆవిడతో అని ఉన్నాడు. ఆ పూటే వెళ్ళి అక్కర్లేదని చెప్పొచ్చింది.

"అంత తొందరేంటి పిన్నీ, కాగితం చేతికి రానీ" అన్నాను.

"అంత పెద్దమనిషి నోటితో చెప్పాక కాగితమెందుకే పిచ్చిదానా? ఆయన వదిలేయమన్నాడు, మీరు వదిలేస్తారు. అంతేగా?"

అంతే. నేను పైకెళ్ళి ఆదేశవాహినిని తెరిచాను.

పట్టికలో "వదిలేయండి" లేదు. పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ వెతికాను. విరమించండి లేదు, ఉపసంహరించండి లేదు, కనీసం పోనివ్వండి కూడా లేదు. సహాయ కేంద్రానికి ఫోను చేస్తే ఓ ఆడగొంతు తేనె పూసినట్టు మాట్లాడింది.

"మా సాఫ్ట్‌వేర్ మీ పాత ఫైళ్ళన్నీ చదివి నేర్చుకుందండి. మీ కంపెనీ ఒక్క కేసైనా వదిలిన దాఖలా అందులో లేదు. లేని పని అదెలా నేర్చుకుంటుంది చెప్పండి?"

"ఇప్పుడు వదులుతున్నాం కదండీ."

"చాలా సంతోషమండి. మీరు వదలడం మొదలుపెడితే, చూసి అదే నేర్చుకుంటుంది."

"అది నేర్చుకుంటేనే కదండీ మేము వదలగలిగేది?"

"మీరు చక్కగా అర్థం చేసుకున్నారండి" అని ఫోను పెట్టేసింది.

సరే, ఉన్నదాంతో నెట్టుకొద్దామని "వాయిదా కోరండి" ఎంచుకున్నాను. ఎదుటి పక్షం ఎలాంటిది అంటే "ఇతరములు" అన్నాను. వివరం రాయమంది. "జిప్పులు బాగుచేస్తుంది" అని రాశాను. జిప్పు అన్న మాట కనపడగానే "జిప్పు ఫైలు జతపరచలేదు" అని ఎర్రబడింది. ఫైలేమీ లేదమ్మా తల్లీ అని రాస్తే, ఫైలే లేనిదాన్ని బాగుచేస్తున్న వ్యక్తి మీద అనుమానం కలిగి, పిన్నిని తనంతట తానే "చాలా ప్రమాదకరం" గడిలోకి మార్చేసింది. చాలా ప్రమాదకరమైన వాళ్ళకు వాయిదా ఇవ్వరట. అత్తగారికి మనం ఒకటి చెప్పబోతే ఇంకోటి అవుతుందని పెళ్ళయినవాళ్ళు అంటుంటే ఇన్నాళ్ళూ అతిశయోక్తి అనుకున్నాను.

మేనేజరుగారి గదికి వెళ్ళాను.

"సార్, ఒక్క ఫోను చేసి చెప్పేద్దామండి."

ఆయన ఉలిక్కిపడ్డారు. "ఫోనా! ఫోన్లో చెబితే, చెప్పామని రుజువేముంటుందమ్మా?"

"చెప్పినట్టు వాళ్ళు చేస్తారు కదండీ."

"అది ఫలితం. రుజువు కాదు."

"పోనీ పెద్దాయనకు చెబుదాం."

"ఊళ్ళో లేరుగా. వచ్చాక చూద్దాం."

పెద్దాయన వచ్చేది నెలాఖరు దాటాక.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఓ తెల్లకాగితం మీద మార్కరుతో "మెట్ల కింద కేసు వదిలేయండి" అని బారెడు అక్షరాలు రాసి, కిటికీ అద్దానికి అదిమి పట్టుకున్నాను. ఎదుటి కిటికీలో మా కేసులు చూసే లాయరుగారు టీ తాగుతున్నారు. ఎప్పుడు చూసినా అక్కడే నిలబడి ఉంటారు కనక మేమాయన్ని కిటికీ లాయరు అంటాం. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివారు, తలాడించారు. హమ్మయ్య అనుకునేలోగా నా ఫోను మోగింది.

"మేడమ్, చదివానండి. మంచి నిర్ణయం. ఆవిడ మా పాప స్కూలు బ్యాగు కూడా కుట్టిచ్చింది."

"అయితే ఆపేస్తారు కదండీ?"

"ఆదేశవాహినిలో పంపండి, మరుక్షణం ఆపేస్తాను."

"ఇప్పుడేగా చదివానన్నారు!"

"మనిషిగా చదివానండి. లాయరుగా నాకింకా అందలేదు."

మర్నాటికల్లా రెండు మేడల కిటికీలకూ తెరలు దించేశారు. ఆదేశాలు అద్దాల్లోంచి బయటికి పొక్కుతున్నాయని భద్రతా విభాగం కనిపెట్టిందట. అప్పటినుంచి మిట్టమధ్యాహ్నం కూడా మేము లైట్లు వేసుకుని పనిచేస్తున్నాం.

ఇక మిగిలిన దారి పట్టికలోకి కొత్త క్రియను ఎక్కించడం ఒక్కటే. దానికో అధికారి ఉన్నారని నాకప్పుడే తెలిసింది. ఆయన హోదా క్రియాపదాధికారి, గది పై అంతస్తులో చివర. తలుపు మీద "తోయండి" అని ఉంది. తోశాను, కదల్లేదు. భుజంతో తోశాను. లాగితే తెరుచుకుంది.

"'లాగండి'కి ఇంకా అనుమతి రాలేదమ్మా" అన్నారాయన లోపలినుంచి, నొచ్చుకుంటూ.

చాలా సౌమ్యమైన మనిషి. బల్ల మీద దుమ్ము లేదు, గొంతులో విసుగు లేదు. నా అర్జీని మొదటినుంచి చివరిదాకా చదివి, "వదిలేయండి" అని నోట్లో వేసుకుని రుచి చూసినట్టు పలికారు.

"ఇది క్రియ కాదమ్మా."

"అదేంటండీ, రోజూ అంటుంటాం కదా?"

"రోజూ అంటాం కనకే ఎవరూ గమనించలేదు. విడదీసి చూడు. వదిలి, వేయండి. రెండు క్రియలు. ఒక ఆదేశానికి ఒకే క్రియ అన్నది మన మొట్టమొదటి నియమం. ఒక మాటలో రెండు పనులు దూర్చి పంపామనుకో, అటువైపు వాళ్ళు ఏది చేశారో, ఏది ఎగ్గొట్టారో మనకెలా తెలుస్తుంది?"

"అందులో వేసేదేమీ లేదండీ. ఊరికే అలా అంటాం. చెప్పేయడం, తినేయడం, పారేయడం..."

"పారేయడం!" ఆయన కళ్ళు మెరిశాయి. "పారి, వేయడం. చూశావా, ఎన్ని తరాలుగా మోసపోతున్నామో!" అని ఓ చీటీ మీద రాసుకున్నారు.

నాకు ఏడుపొచ్చింది. "సార్, గడువు దగ్గర పడిందండి. ఆవిడ జాగా పోతుందండి. బతుకుదెరువు అదొక్కటే."

"అయ్యో, కంగారుపడకు తల్లీ. నియమం నియమమే, మనిషి మనిషే" అని ఆయన నాకోసం ప్రత్యేకంగా అప్పటికప్పుడు రెండు క్రియలకు అనుమతి ఇచ్చారు. "'వదలండి' ఒక ఆదేశం, 'వేయండి' ఒక ఆదేశం. ఒకదాని వెంట ఒకటి పంపు. వాళ్ళూ చదువుకున్నవాళ్ళే, కలుపుకుంటారు."

నిజంగా సాయం చేశాననే ఆయన నమ్మకం. నేనూ నమ్మాను. నమ్మక ఏం చేయను, మర్నాడే నెలాఖరు.

పంపాను. మెట్ల కింద కేసు, వదలండి: ఆకుపచ్చ. మెట్ల కింద కేసు, వేయండి: ఆకుపచ్చ. ఆ తెర మీద వరసగా రెండు ఆకుపచ్చలు చూడడం ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి. లిఫ్టు కోసం ఆగలేక మెట్లన్నీ దిగి పరిగెత్తాను.

"పిన్నీ! అయిపోయింది! వదిలేశాం!"

"నే చెప్పలేదూ" అంది పిన్ని, సూదిలోంచి కన్ను తీయకుండానే. కానీ మిషను ఆపి, నా బ్యాగు లాక్కుని, అడక్కుండానే దానికి కొత్త రన్నరు ఎక్కించింది. డబ్బులివ్వబోతే చెయ్యి మీద ఒక్కటేసింది.

నాకు తెలియని సంగతి ఒకటుంది. పెద్దత్తగారు కర్మ లేని క్రియను గడప దాటనివ్వదు. ఏ కేసులోనో చెబితే చాలదు. వదలండి, దేన్ని? వేయండి, దేన్ని? వ్యాకరణంలో ఆ దేన్ని అన్నదాన్నే కర్మ అంటారు. (ఎవరి కర్మ అన్నది దానికి పట్టదు.) నేను రాయకుండా వదిలిన ఆ ఖాళీలను అది మా పాత ఫైళ్ళు తిరగేసి తనే పూరించుకుంది. మా పాత ఫైళ్ళలో వదలడమంటూ జరిగింది ఒక్కటే, అమీనాను జనం మీదికి వదలడం. ఇక ఖాళీ చేయించే కేసుల్లో వేసేది తాళం.

పొద్దున నేను ఆఫీసుకు వెళ్ళేసరికి మెట్ల దగ్గర గుంపు. కుట్టుమిషను రోడ్డు మీద ఉంది, దాని మీద బొమ్మ ఉన్న స్కూలు బ్యాగు ఒకటి. అమీనా ఉత్తర్వు చదువుతున్నాడు. ఆయన తెచ్చిన మనుషులు జాగాకు అడ్డంగా ఇనుప జాలీ బిగించి తాళం వేస్తున్నారు. పక్కన కిటికీ లాయరు, కిటికీ లేకుండా, తలదించుకుని నిలబడ్డారు.

"మీ అమ్మ కడుపు కాలా, లోపల జనాల బ్యాగులున్నాయిరా!" అని పిన్ని అరుస్తోంది. "పెద్దాయనే చెప్పాడు! ఇదిగో, ఈ పిల్లనడగండి! చెప్పవే, చెప్పు!"

నేను లాయరుగారి మీదికి వెళ్ళాను. "ఏంటండీ ఇది? వదిలేయమని కదా పంపాం?"

ఆయన ఫోను తీసి చూపించారు. "మీరు పంపినవి ఇవేనండి. ఒకటి, అమీనాను వదలండి. వదిలాం. రెండు, తాళం వేయండి. వేశాం."

"రెండూ కలిపి చదవాలి! వదిలి, వేయండి! వదిలేయండి!"

"నాకూ అలాగే అనిపించిందండి. రాత్రంతా నిద్రపట్టలేదు. కానీ కలిపి చదివే అధికారం మాకు లేదు, విడివిడిగా వచ్చాయి."

"మీకు తెలుసు కదండీ మా ఉద్దేశం! నా చేతిరాత మీరు చదివారు కదండీ!"

"తెలుసండి" అన్నారాయన, చాలా మెల్లగా. "తెలియడానికి గడి లేదు."

మేనేజరుగారు దిగివచ్చారు. జాలీని చూశారు, మిషను చూశారు, పిన్నిని చూడలేదు. "సార్, ఆపమనండి సార్, మీరు నోరు తెరిచి ఒక్కమాట అంటే చాలు" అని నేను ఆయన చెయ్యి పట్టుకున్నంత పని చేశాను. ఆయన నోరు తెరిచారు. అందరూ ఆగారు, అమీనా కూడా ఆగాడు.

"చూద్దాం" అన్నారాయన.

తాళం పడింది. పిన్ని అరవడం మానేసింది. అరిచినంతసేపూ భయం వేయలేదు గాని, ఊరుకున్నాక వేసింది. సిగ్గు కూడా వేసింది, పైకి వెళ్ళాలంటే ఆవిడ ముందునుంచే కదా వెళ్ళాలి.

వేసిన తాళం తీయించడానికి నేను చేయని ప్రయత్నం లేదు. పట్టికలో "తీయండి" ఉంది, నిజమే. కానీ అది "గట్టిగా ఖండించండి" పక్కన, "పరువు తీయండి" అన్న ఒక్క అర్థంలోనే ఉంది. "తాళం తీయండి" అని పంపితే తాళం పరువు తీయవలసిన కారణమేమిటని అడిగింది. క్రియాపదాధికారి దగ్గరికి పరిగెత్తితే, "తీయండి" కొత్త అర్థం కోసం అర్జీ పెట్టుకుంటే వచ్చే సమావేశంలో పరిశీలిస్తామన్నారు. ఈసారి "లాగండి" బోర్డు కూడా ఆ సమావేశంలోనే వస్తుందట.

పెద్దాయన తిరిగొచ్చారు. లిఫ్టు దగ్గర ఆగి, "ఆ జిప్పులావిడ ఏదయ్యా?" అన్నారు.

"తమరు చెప్పినట్టే వదిలేశామండి. రికార్డు కూడా ఉంది" అని మేనేజరుగారు రెండు ఆకుపచ్చలూ చూపించారు.

"కాదండీ, ఆవిడ..." అని నేను ఎత్తుకునేలోగా లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. "శభాష్" అన్న మాట మాత్రం లోపలినుంచి వినిపించింది. పైకెక్కి ఆయన గది ముందు కూర్చుంటే, పెద్దాయనతో మాట్లాడదలచినవారు ఆదేశవాహిని ద్వారా రావాలన్నారు.

ఆస్తుల విభాగానికి మాత్రం మెప్పు దక్కింది. పటంలో మెట్ల కింద ఖాళీ, ఇప్పుడు మెట్ల కింద కూడా ఖాళీయే. అక్కడ ఏమైనా పెట్టడానికి వీల్లేదు, పెడితే పటం తప్పవుతుంది. బేకరీలో మూలను ఫోను కవర్లు అమ్మేవాడు అప్పటికే తీసేసుకున్నాడు. పిన్ని వీధికి అవతల, ఎదుటి మేడ గోడ పక్కన, ఓ పాత గొడుగు కట్టుకుని కూర్చుంటోంది. వాన వస్తే మిషను మీద పాలిథీను కప్పి, తను తడుస్తుంది.

అయితే వ్యవస్థ తప్పుల నుంచి నేర్చుకోదని ఎవరూ అనకూడదు. మా ఉదంతాన్ని లోతుగా అధ్యయనం చేసిన క్రియాపదాధికారి, "వదిలేయండి" అన్నది జనవ్యవహారంలో ఒకే క్రియగా చెలామణి అవుతున్నదని విశాల హృదయంతో గుర్తించి, పట్టికలో దానికి శాశ్వత స్థానం కల్పించారు. (స్వీట్లు పంచారు. నేనూ ఒకటి తిన్నాను, అబద్ధమెందుకు.) ఆ క్రియతో పంపిన తొలి ఆదేశం పిన్ని కేసే. ఎదుటి మేడవాళ్ళు మరుక్షణం అమలుచేశారు. కేసు వదిలేసినట్టు ఆవిడ పేర ఉత్తరం కూడా పంపారు. చిరునామా మెట్ల కింద అని ఉండడంతో, అక్కడ ఎవరూ ఉండడం లేదని పోస్టుమాన్ తిప్పి పంపేశాడు.

"ఉత్తరం ఆవిడ చేతికిచ్చి, ఆవిడ ఏమందో యంత్రంలో ఎక్కించాలమ్మా. గ్రహీత స్పందన లేకపోతే కేసు మూతపడదు" అన్నారు మేనేజరుగారు. ఈ ఒక్కదానికి చూద్దాం అనలేదు.

నేను వీధి దాటి వెళ్ళాను. నన్ను చూసి పిన్ని మొహం తిప్పుకుంటుందనుకున్నాను. తిప్పుకోలేదు, పక్కనున్న ఇటుక మీద బ్యాగు దించి నాకు చోటిచ్చింది. అది ఇంకా కష్టంగా ఉంది.

"నువ్వే చదవమ్మా. నా కళ్ళజోడు లోపలే ఉండిపోయింది."

చదివాను. "మీపై గల కేసును మా కంపెనీ సంపూర్ణంగా వదిలేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఇకమీదట మీకూ మాకూ ఏ విధమైన సంబంధమూ లేదు."

పిన్ని మిషను తొక్కడం ఆపింది. "అంటే నా జాగా నాకిచ్చేస్తారా?"

"లేదు పిన్నీ. ఇది కేసు వరకే. తాళం తీయడానికి వేరే క్రియ కావాలి."

ఆవిడకు ఆ ముక్క అర్థమై ఉండదు. చెప్పిన నాకే అర్థం కాలేదు. ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా మడిచి మిషను సొరుగులో పెట్టుకుంది.

"మా ఆయన నన్ను వదిలేసి పోయినప్పుడు ఒక్క మాటైనా చెప్పలేదమ్మా" అంది. "మీ కంపెనీ నయం, కాగితమైనా ఇచ్చింది."

ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టుగా స్పందన గడిలో ఎక్కించాను. కోపంతోనే ఎక్కించాను, చదివిన ఒక్కడికైనా సిగ్గేస్తుందని. పెద్దత్తగారు ఒక్క క్షణం ఆలోచించి, ఆకుపచ్చగా మారి, దాన్ని ప్రశంసల కింద చేర్చుకుంది. ఈ ఏడాది మా కంపెనీ వార్షిక నివేదిక మొదటి పేజీలో, గొడుగు కింద నవ్వుతున్న పిన్ని ఫొటోతో సహా అది అచ్చయింది. చోటు చాలక మొదటి వాక్యాన్ని వదిలేశారు.